తక్షణ ప్రాచీనత: గృహస్థులకు సూచనలు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో ఒక ఆర్థిక విధానం నిశ్శబ్దంగా అమలవుతోంది. అటక మీది మామ్మగారి రాగి బిందె, మూడు తరాల చిలుముతో సహా, పాత సామాన్లవాడి తక్కెట్లోకి వెళ్తుంది. వచ్చిన డబ్బుకు ఇంకొంత కలిపితే కాగితమంత పల్చటి కొత్త రాగి రేకు వస్తుంది. ఆపైన ఆ రేకు మీద గోడకు పెట్టుకునే బొమ్మ తేల్చి, పాతదిలా కనబడేలా చిలుము పట్టించడానికి ఇంటిల్లిపాదీ నడుం కడతారు. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. బిందెను గోడకు కొట్టలేం కదా! అయితే ఇంత మహత్కార్యం అడ్డదిడ్డంగా సాగుతుండటమే విచారకరం.

పొరపాటు కొట్లోనే మొదలవుతుంది. ఈ పని నేర్పే వీడియోలో దొరసాని 36 గేజి రేకు తెచ్చుకోమంటుంది, గేజి అంటే మందం కొలత. ఆవిడది అమెరికా గేజి, అంటే 0.127 మిల్లీమీటర్లు. మన కొట్టువాడి 36 గేజి బ్రిటిష్ లెక్క, 0.193. దొరలు వెళ్లిపోయారు గాని వాళ్ల గేజి మన బజార్లోనే కాపురం పెట్టింది. చేత్తో నొక్కి బొమ్మ తేల్చడానికి 0.1 నుంచి 0.15 దాకా హాయి. 0.19 అయితే బొటనవేలు వాస్తుంది. కాబట్టి గేజి మాట ఎత్తకుండా మిల్లీమీటర్లలో అడగండి. అనుమానముంటే తూయించండి: చదరపు అడుగు రేకు 0.1 అయితే 83 గ్రాములు, 0.193 అయితే 160 పైచిలుకు. జేబులో ఒక అయస్కాంతం కూడా ఉంచుకోండి. రేకు దానికి అతుక్కుంటే అది రాగి చీర కట్టిన ఇనుము.

రాగి రేకు మన ప్రాంతానికి కొత్తదేం కాదు. ఒకప్పుడు కళింగాన్ని ఏలిన తూర్పు గాంగ రాజులు తమ రాజధాని కళింగనగరం నుంచి ఊళ్లకు ఊళ్లు దానమిచ్చి, ఆ మాట రాగి రేకుల మీద చెక్కించి, కడియానికి గుచ్చి, నంది ముద్ర వేయించి చేతికిచ్చారు. అవి దిట్టమైన రేకులు కనుక వెయ్యేళ్లు మట్టిలో పడున్నా చదవడానికి అక్షరాలు మిగిలాయి. మన రేకు మీద నెమలి, దాని కింద 'స్వీట్ హోమ్'. దానమివ్వడానికి మన దగ్గర ఊళ్లు లేవు, ఇంటి మీద వాయిదాలున్నాయి.

ఇక నెమలి సంగతి. రేకు వెనక వైపు పైకి ఉంచి, కింద మందంగా వార్తాపత్రికలు పరిచి, సిరా అయిపోయిన బాల్ పెన్నుతో గీతలు నొక్కాలి. తర్వాత తిరగేసి, గాజు పలక మీదో గచ్చు పలక మీదో పెట్టి, ముందు వైపు నుంచి అంచుల వెంబడి గీస్తేనే బొమ్మ లేస్తుంది. ఈ రెండో పని మానేసినవాళ్ల నెమలి, కోడికీ బాతుకూ మధ్య ఎక్కడో ఆగిపోతుంది. రాగికి ఇంకో గుణం ఉంది: నొక్కినకొద్దీ మొండికేస్తుంది. కంఠం దాకా సాఫీగా వచ్చిన నెమలి ముక్కు దగ్గర పుటుక్కున చిట్లేది అందుకే. రేకు బిర్రుగా తగలగానే ఆపి, పట్టకారుతో పట్టుకుని గ్యాస్ మంట మీద తిప్పండి. మసక ఎరుపు కనిపించిందా, నీళ్లలో ముంచేయండి, మళ్లీ మెత్తబడుతుంది. ఇంత పల్చటి రేకు క్షణాల్లో ఎర్రబడుతుంది. ఫోను మోగిందని అటు తిరిగితే ముడతలు పడి నెమలి ఆమ్లెట్ అవుతుంది. నల్లబడిన పొర, గ్లాసుడు వేడినీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు కలిపి నానేస్తే పోతుంది. బొమ్మ పూర్తయ్యాక వెనక గుంటల్లో మైనం గాని పుట్టీ గాని నింపండి. లేకపోతే మొదటి చుట్టం వేలు పెట్టి "నిజం రాగేనా?" అన్నప్పుడే నెమలి పొట్ట లోపలికి పోతుంది.

ఇప్పుడు అసలు ఘట్టం, వృద్ధాప్యం. సబ్బుతో కడిగి, ఆరబెట్టి, అంచులు మాత్రమే పట్టుకోండి. ఎక్కడ వేలి జిడ్డు తగిలితే అక్కడ రంగు పట్టదు, మీ వేలిముద్ర మిగులుతుంది. గోధుమ రంగు చాలనుకుంటే, వేడిగా ఉడికిన గుడ్డు చిదిమి రేకుతో పాటు మూత బిగిసే డబ్బాలో పెట్టండి. గుడ్డులోని గంధకం వాయువై పని కానిస్తుంది. శాకాహారుల ఇంట్లో ఆకుపచ్చ రంగే గతి. రంపపు పొట్టును వెనిగర్‌తో తడిపి, గుప్పెడు ఉప్పు కలిపి, రేకును అందులో ఒకటి రెండు రోజులు పాతిపెట్టాలి. మచ్చలు మచ్చలుగా వస్తుంది, అదే అందమట. అమోనియా ఆవిరితో నీలం తేలుతుంది గాని, ఆ పని ఆరుబయటే చెయ్యాలి, బ్లీచింగ్ జోలికి మాత్రం పోకూడదు, ఆ రెండూ కలిస్తే విషవాయువు. గోపాల్‌పూర్ వైపు ఇల్లున్నవాళ్లు రేకును వరండాలో వదిలేస్తే సముద్రపు ఉప్పుగాలే అంతా చేసిపెడుతుంది, కొన్నేళ్లలో. అంత ఓపికే ఉంటే బిందెనే ఉంచుకునేవాళ్లం.

అతికించడానికి తెల్ల జిగురు పనికిరాదు. లోహం తడి పీల్చదు, జిగురు ఆరదు. రేకు వెనక ఎమరీ కాగితంతో గీకి, కాంటాక్ట్ జిగురు రెండు వైపులా పూసి, వేలికి అంటనంత ఆరాక, మధ్య నుంచి అంచులకు నొక్కుతూ పోవాలి. ఒకసారి ఆనిందంటే మళ్లీ సర్దుకునే అవకాశం లేదు. మేకులైతే ఇత్తడివే కొట్టండి. రాగి పక్కన తడి తగిలితే ఇనప మేకు తొందరగా తుప్పు పట్టి, నెమలి కంట్లోంచి ఎర్రటి ధార కారుతుంది. పొయ్యి వెనక గోడకు మాత్రం రాగి వద్దు. పులుసు చుక్క పడ్డచోటల్లా తళుక్కుమని మెరిసి, వారం రోజుల వంట గోడ మీద చదువుకోవచ్చు.

పూర్తిగా ఆరిన చిలుము మీద లక్కర్, అంటే రంగులేని వార్నిష్, పల్చగా రెండు మూడు పూతలు కొట్టాలి. అది మానేశారో, మార్గశిర లక్ష్మీవారం ముందురోజు అత్తగారు చింతపండుతో వచ్చి, మీరు రెండు రోజులు పెంచిన ప్రాచీనతను రెండు నిమిషాల్లో తోమేస్తారు. ముందుజాగ్రత్తగా నెమలి కింద 'స్వీట్ హోమ్' బదులు 'తోమరాదు' అని తేల్చండి, తెలుగులోనూ ఒడియాలోనూ. వెనక నుంచి నొక్కుతారు గనక అక్షరాలు అద్దంలోలా తిరగేసి రాసుకోవాలి. 'తో' దగ్గర చాలామంది తడబడతారు.