సింగిల్ విండో కుట్ర

మా బెజవాడలో, పేరెందుకు గానీ, ఒక ఆఫీసుంది. ఒక్క దరఖాస్తుకి మూడు కౌంటర్లు. మొదటి కౌంటర్‌లో ఇస్తే రెండో దానికి వెళ్ళమంటారు. దాని చలవతో ఎదురుగా రెండు జిరాక్స్ షాపులు, ఒక టీ కొట్టు బతుకుతున్నాయి. వ్యవస్థ అంటే ఇదీ.

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనూ ఇలాంటి వ్యవస్థే ఉండేది. ఫైల్ సిస్టమ్‌లో, అంటే డిస్క్ మీద ఫైళ్ళ లెక్క చూసే విభాగంలో, డేటా రాయడానికి ‘రైట్’ అని ఒక దారి, పని అయ్యేదాకా నిలబడక్కర్లేని ‘ఏఐఓ రైట్’ అని ఇంకోటి, ఒక ప్రోగ్రాం నుంచి ఇంకోదానికి డేటా మోసే పైపులోంచి వచ్చే సరుక్కి ‘స్ప్లైస్ రైట్’. చాలా ఫైల్ సిస్టమ్‌లు మొదటి దారిలో ‘డూ సింక్ రైట్’ అని బోర్డు తగిలించి, వచ్చినవాణ్ణి రెండో దారికి తోలేవి. ఎంత మన పద్ధతి!

అల్ వీరో అనే కెర్నెల్ పెద్దాయన కన్ను దీనిమీద పడింది. 2014లో, 3.16 వెర్షన్‌లో, సింగిల్ విండో లాంటి ‘రైట్ ఇటర్’ అనే దారి తెచ్చారు. డేటా యూజర్ మెమరీలో ఉన్నా, కెర్నెల్ మెమరీలో ఉన్నా, పది ముక్కలైనా సరే, ‘ఐఓవీ ఇటర్’ అనే ఒక్క సంచిలో పెట్టి ఇస్తే చాలట. 2015లో 4.1 వచ్చేసరికి ఏఐఓ రైట్‌ని పీకేశారు. వీడ్కోలు సభ లేదు, శాలువా లేదు.

పటమటలో ఒక కుర్రాడు ఆ ప్యాచ్‌ని, అంటే కోడ్‌లో చేసిన మార్పుల చిట్టాని, ఫోన్‌లో చూపించాడు. వరసగా మైనస్ గుర్తులు, ఎర్ర గీతలు. “ఎంత కోడ్ తగ్గిపోయిందో చూడు బాబాయ్!” అని మురిసిపోతున్నాడు. తగ్గితే మరి బిల్లు ఎలా పెడతార్రా అంటే తెల్లమొహం వేశాడు. ఈ కాలం పిల్లలకి పబ్లిక్ వర్క్స్ మీద బొత్తిగా అవగాహన లేదు.

ఒక్క విషయంలో మాత్రం కెర్నెల్ వాళ్ళని మెచ్చుకోవాలి. రైట్ కాల్ ‘అయిపోయింది’ అన్నంత మాత్రాన డేటా డిస్క్ మీద పడ్డట్టు కాదు. అది మెమరీలోనే, పేజీ క్యాష్ అనే వెయిటింగ్ రూమ్‌లో కూర్చుంటుంది. మామూలు సెట్టింగుల్లో 30 సెకన్లు పాతబడితే గానీ దాన్ని డిస్క్‌కి పంపే గడువు వచ్చినట్టు కాదు. ఈలోగా కరెంటు పోతే ఎవరి ఖర్మ వాళ్ళది. గ్యారంటీ కావాలంటే ‘ఎఫ్‌సింక్’ అని వేరే అర్జీ పెట్టుకోవాలి. అదైనా డిస్క్ మొరాయిస్తే ఒకసారి ‘కుదర్లేదు’ అంటుంది, రెండోసారి అడిగితే ‘అంతా సవ్యమే’ అనేయగలదు. 2018లో ఈ సంగతి తెలిసి పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ వాళ్ళకి గుండె జారినంత పనైంది. ఇప్పుడు ఎఫ్‌సింక్ కుదర్లేదంటే వాళ్ళ సర్వర్ మళ్ళీ అడగదు, తనే కుప్పకూలి, చేసిన పనులు రాసుకున్న లాగ్ చూసుకుని లేస్తుంది. బొత్తిగా సర్దుకుపోవడం తెలియని మనుషులు.

ఇక అసలు నేరానికి వస్తాను. లోపల ఇంత తవ్వి కూడా బయట ఒక్క సిస్టమ్ కాల్‌ని, అంటే ప్రోగ్రాములు కెర్నెల్‌ని పని అడిగే కిటికీని, మూయలేదు. రైట్, పీరైట్, రైట్‌వీ, పీరైట్‌వీ అన్నీ ఎప్పట్లాగే పనిచేస్తున్నాయి. పైగా 2016లో పీరైట్‌వీ2 అని ఇంకోటి తెరిచారు. పాత ప్రోగ్రాములు చెడిపోకూడదట! అంటే జనానికి చెప్పకుండా జనానికి మేలు చేసేశారు. శంకుస్థాపన లేదు, శిలాఫలకం లేదు, ట్రాఫిక్ మళ్ళింపు అసలే లేదు. ప్రజాస్వామ్యంలో ఇది చెల్లుతుందా?

కాబట్టి బెంజి సర్కిల్‌లో అల్ వీరో గారికి వెంటనే ఒక ఫ్లెక్సీ కట్టాలనీ, ఆయన ఫోటో మూలకి చిన్నగా వేసి, మధ్యలో మా కాలనీ పెద్దల ఫోటోలు పదహారూ వేయాలనీ డిమాండ్ చేస్తున్నాను.