నాలుగే దశల్లో పెసరట్టు, మూడే దశల్లో గోడ

పనిని దశలుగా విడగొట్టడం మానవజాతి సాధించిన ఘనవిజయమని అందరూ ఒప్పుకొంటారు. ఆ దశలలో తనకు నచ్చినవాటిని మాత్రమే లెక్కపెట్టి, మిగిలినవాటిని ఇంట్లో ఇంకెవరికో వదిలివేయడం అంతకంటె గొప్ప విజయమని గుర్తించినవారు తక్కువ. ఈ రెండో విద్య ఇటీవల మన ఇళ్లలో చక్కగా వర్ధిల్లుతున్నది. సెలవురోజు రాగానే గృహస్థు ఫోనులో వీడియో పెట్టి, దానిని డబ్బాకు ఆనించి నిలబెట్టి, నాలుగు దశల్లో పెసరట్టో, మూడు దశల్లో పడకగదికి కొత్త రంగో పూర్తిచేస్తాడు. ఇంత తేలికైన పనిని ఆడవాళ్లూ పెయింటర్లూ ఇన్నాళ్లూ ఎందుకంత పెద్దదిగా చెప్పుకొన్నారని ఆశ్చర్యపోతాడు. ఆ ఆశ్చర్యాన్ని మనం గౌరవించాలి.

పెసరట్టు మొదటి దశలో నానిన పెసలను అల్లం, పచ్చిమిర్చి, జీలకర్రతో రుబ్బుకోవాలి. పెసలు నానడానికి నాలుగైదు గంటలైనా పడుతుంది కనుక, ఉదయం ఏడింటికి మొదలైన ఈ దశ నిజానికి ముందు రాత్రి, గృహస్థు నిద్రపోయిన తరువాత, వేరొకరి చేతుల మీదుగా జరిగిపోయింది. రాళ్లు ఏరినదీ, గుప్పెడు బియ్యం కలిపినదీ, రెండుమూడు నీళ్లు మార్చి కడిగినదీ ఆ చేతులే. రెండో దశలో పెనం మీద అట్టు పోయాలి. మూడో దశలో, ముందుగా సిద్ధం చేసి ఉంచుకొన్న ఉప్మాను అట్టు మధ్యలో పెట్టి మడవాలి. ఉప్మా కూడా ఒక వంటకమేననీ, రవ్వ వేయించడం, పోపు పెట్టడం, ఎసరు మరగనివ్వడం, ఉండ కట్టకుండా కలపడం అనే సంసారమంతా దానికీ ఉన్నదనీ ఇక్కడ ఎవరూ ఎత్తరు. నాలుగో దశలో అల్లం పచ్చడితో వేడివేడిగా ఆరగించాలి. ఆ పచ్చడి ఎక్కడి నుంచి వచ్చిందని అడగడం అమర్యాద. తినడం ఒక దశ; పిండి గిన్నె కడగడం దశ కాదు. ఉప్మా పెట్టిన అట్టుకు ఎమ్మెల్యే పెసరట్టు అనే పేరు ఎలా వచ్చిందో చెప్పే కథలు కొన్ని ఉన్నాయి గాని, ఇతరులు కట్టిన వంతెనకు రిబ్బను కత్తిరించినట్టు దీనిని వండేవారిని చూస్తే ఆ పేరుకు కథ అక్కరలేదనిపిస్తుంది.

గోడ దగ్గరికి వచ్చేసరికి ఈ శాస్త్రం పరాకాష్ఠకు చేరుతుంది. గోడను శుభ్రం చేయాలి, ప్రైమర్ వేయాలి, రెండు కోటింగుల రంగు వేయాలి, అంతే. అయితే గోడ శుభ్రం కావాలంటే ముందు కనిపించాలి. కనిపించాలంటే దానికి ఆనుకొని ఉన్న బీరువా కదలాలి. బీరువా కదలాలంటే అందులోని పట్టుచీరలూ ఇంటి పత్రాలూ మంచం మీదికి రావాలి. ఆ మంచమేమో అప్పటికే వంటింటి దారికి అడ్డంగా నిలబడి ఉంటుంది. పాత రంగు గోకి, మేకుల బొక్కలలో లప్పం పెట్టి, అది ఆరాక ఉప్పుకాగితంతో రుద్దితే లేచే తెల్లటి పొడి, తలుపు ఎంత గట్టిగా మూసినా, పక్కగది ఫ్యాను రెక్కలనూ పప్పుడబ్బాల మూతలనూ వెతుక్కొంటూ వెళుతుంది. దానిని తుడవడం గోడపని కాదు కనుక దశలలోకి రాదు. మరికొందరు వివేకులు బీరువాను కదిలించకుండా దాని చుట్టూ రంగు వేసి ముగిస్తారు. అద్దె ఇల్లు ఖాళీ చేసిన రోజున నిలువెత్తు పాత రంగు ఇంటి యజమానికి దర్శనమిస్తుంది.

ఇక చెమ్మ. గోడలో చెమ్మ ఉంటే ఎంత ఖరీదైన రంగైనా పొక్కులు తేలి పెచ్చులుగా ఊడిపోతుంది కనుక, నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో కనిపెట్టి, దానిని ఆపి, గోడను బాగా ఆరనిచ్చిన తరువాతే లప్పమైనా ప్రైమరైనా. అపార్ట్‌మెంట్లలో ఆ నీరు చాలాసార్లు పై అంతస్తువారి స్నానాల గది నుంచి వస్తుంది. కాబట్టి గోడకు రంగు వేయడంలో అసలైన మొదటి దశ పై అంతస్తువారితో సంధి. వారు తమ పైపు నిర్దోషి అంటారు. సంఘం కార్యదర్శి వచ్చే సమావేశంలో చూద్దామంటాడు. ప్లంబరు పలకలు పగలగొడితే గాని చెప్పలేనంటాడు. ఈలోగా వానలు మొదలవుతాయి. రాయబారం పద్యాలు కంఠస్థం వచ్చినవారికి ఈ దశ కొంత సులభం కావచ్చు. మూడు దశల వీడియోలో మాత్రం గోడ పుట్టుకతోనే పొడిగా ఉంటుంది.

ఆరడం గోడ చేసే పని కనుక దానికీ లెక్క లేదు. సంక్రాంతికి సున్నం వేసుకొన్న ఇళ్లలో తడిగా ఉన్నప్పుడు గోడ వెలవెలబోయి కనిపించేది. ఆరుతూ, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొంటూ తెల్లబడేది. డబ్బా రంగుకైనా రెండు కోటింగుల మధ్య కొన్ని గంటలు ఆగాలని డబ్బా మీదే రాసి ఉంటుంది గాని, సెలవు ఒక్కరోజే కదా.

తడి ఆవకాయకూ శత్రువే. కాయలు కడిగి, తుడిచి, ఆరబెట్టి, టెంకతో సహా ముక్కలు కొట్టించి, ఒక్కొక్క ముక్కలోని జీడి తీసి, లోపలి పొర గీకి, పొడిగుడ్డతో మళ్లీ తుడవకపోతే బూజు పట్టే ప్రమాదం ఉన్నది. ఇదంతా అయ్యాక గృహస్థు వచ్చి కారం, ఆవపిండి, ఉప్పు, నూనె కలిపి, ఫొటో తీసుకొని, ఆవకాయ పెట్టానని బంధువులకు తెలియజేస్తాడు. మూడో రోజున తిరగకలపవలసి ఉంటుంది. ఆనాటికి ఆయన ఆఫీసులో ఉంటాడు.

ఈ విద్యను మరింత పటిష్ఠం చేయడానికి ప్రభుత్వానికి నాదొక విన్నపం. లీగల్ మెట్రాలజీ చట్టం, 2009 ప్రకారం బిస్కెట్ పొట్లం మీద కూడా నికర బరువు ముద్రించాలి. దశకు మాత్రం ఇంతవరకు ప్రమాణం లేదు. తూనికలు, కొలతల శాఖవారు ఒక ప్రామాణిక దశను నిర్ణయించి, ప్రతి దశ కింద దానిని చేసినవారి పేరు, ముందు రాత్రి చేసినవారి పేరు, తరువాత తుడిచినవారి పేరు వేరువేరుగా రాయించాలి. ముసాయిదా మీద అభ్యంతరాలకు ముప్పై రోజుల గడువు ఇవ్వాలి. ఇల్లు తుడుస్తున్నప్పుడు కుర్చీలో కూర్చొని కాళ్లు పైకెత్తడాన్ని కూడా ఒక దశగా గుర్తించాలని గృహస్థుల నుంచి అర్జీలు వస్తాయి. వాటిని అర దశ కింద పరిశీలించవచ్చు, రెండు కాళ్లూ ఎత్తిన పక్షంలో.