మనం కొనే మినుముల డబ్బు ఎవరి చేతికి వెళ్తోంది?

మొన్న ఆదివారం ఇడ్లీకి మినపగుళ్లు కొందామని వెళ్తే షావుకారు గారు రెండు బస్తాల్లోంచి చెరో గుప్పెడు తీసి చూపించారు. "ఇది మన డెల్టా సరుకండీ, ఇది బర్మా మినుము ఆడించింది. రేటు తేడా ఉంది, ఏది కట్టమంటారు?" నేను కాసేపు ఏమీ చెప్పలేకపోయాను.

మా అమ్మమ్మ బర్మాలోని (ఇప్పటి మయన్మార్) రంగూన్‌ని రంగం అనేది. ఉత్తరాంధ్రలో పాతతరం అందరిదీ అదే మాట. రంగం వెళ్లి మిల్లుల్లో, రేవుల్లో కష్టపడినవాళ్లు, 1960ల్లో సైనిక ప్రభుత్వం వ్యాపారాలన్నీ లాగేసుకుంటే కట్టుబట్టలతో తిరిగొచ్చినవాళ్లు మన ఊళ్లలో ఎందరో. విశాఖలో బర్మా క్యాంపుకి ఆ పేరు అలా వచ్చిందే. అందుకే అక్కడ సైన్యానికీ తిరుగుబాటుదారులకీ మధ్య నడుస్తున్న యుద్ధం నాకు పరాయి వార్తలా అనిపించదు.

2021 ఫిబ్రవరి 1న మయన్మార్ సైన్యం మళ్లీ అధికారం లాక్కుంది. ఐదు నెలలు తిరక్కుండానే, అదే ఏడాది జూన్‌లో, మన కేంద్ర ప్రభుత్వం ఆ దేశంతో ఒప్పందం చేసుకుంది. ఐదేళ్లపాటు ఏటా 2.5 లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు అక్కడి నుంచి తెచ్చుకోవాలని. సరిగ్గా ఆ జూన్‌లోనే, ఆ దేశానికి ఆయుధాలు చేరకుండా ఆపాలని ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీలో తీర్మానం వస్తే 119 దేశాలు అవునన్నాయి. మనం తటస్థంగా ఉండిపోయాం. ఈ రెండు విషయాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది.

అలాగని పప్పు కొనడం మానేద్దాం అనడం లేదు. బర్మావాళ్లు మినుములు పెద్దగా తినరు, ప్రధానంగా మన కోసమే పండిస్తారు. రేపు మనం కొననంటే ఆ పంట అమ్ముకోవడానికి వాళ్లకి ఇంకో పెద్ద మార్కెట్ లేదు. 2003లో అమెరికా అక్కడి సరుకు దిగుమతుల్ని మొత్తంగా నిషేధిస్తే బట్టల ఫ్యాక్టరీలు మూతపడి వేలమంది ఆడపిల్లలు రోడ్డున పడ్డారు. జనరళ్ల ఇళ్లలో పొయ్యి ఆరిందా? లేదు.

అసలు కిటుకు డబ్బు చేతులు మారే చోట ఉంది. మినుములు ఎగుమతి చేసిన వ్యాపారికి డాలర్లు వస్తాయి. 2022 ఏప్రిల్‌లో, సైన్యం చేతిలో ఉన్న అక్కడి కేంద్ర బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. బయటి నుంచి వచ్చే డాలర్లను ప్రభుత్వం చెప్పిన రేటుకే ఆ దేశపు కరెన్సీ అయిన చాట్‌లలోకి మార్చుకోవాలని. డాలర్‌కి ముందు 1850 చాట్‌లు, ఆగస్టు నుంచి 2100. తర్వాత ఎగుమతిదారులకు కొంత సడలించారు గానీ, కొంత వాటా ఆ రేటుకి ఇవ్వక తప్పలేదు. 2024లో బయట డాలర్ 4000 చాట్‌లు దాటిపోయినా అధికారిక రేటు 2100 దగ్గరే ఉంది. అంటే ఆ వాటాలో వచ్చే ప్రతి డాలర్ మీదా సగం వ్యాపారి నష్టపోతాడు. అతను దాన్ని ఎక్కడ సర్దుకుంటాడు? రైతుకి ఇచ్చే ధరలోనే కదా. అదే రైతు యూరియా కొనబోతే మాత్రం బజారు రేటు. పొలం అతనిది, డాలర్ సైన్యానిది.

ఆ డాలర్లే విమాన ఇంధనం అవుతాయి, బాంబులు అవుతాయి. 2023 ఏప్రిల్ 11న సగాయింగ్ ప్రాంతంలోని పాజీజీ అనే పల్లెలో జనం గుమిగూడి ఉండగా విమానాలు వచ్చి బాంబులు వేశాయి. 160 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. సగాయింగ్ పప్పుధాన్యాలు పండే నేల కూడా.

ఆంక్షలు పనిచేయవు అని తేల్చేసేవాళ్లకి ఒక లెక్క చెప్తాను. మయన్మార్ మానవ హక్కులపై ఐరాస ప్రత్యేక నివేదకుడిగా పనిచేసిన టామ్ ఆండ్రూస్ 2024 నివేదికలో ఉంది. సింగపూర్ ప్రభుత్వం తన కంపెనీల మీద నిఘా పెట్టాక, అక్కడి నుంచి సైన్యానికి వెళ్లే ఆయుధ సామగ్రి ఏడాదిలో 11 కోట్ల డాలర్లకు పైనుంచి కోటి డాలర్ల చిల్లరకు పడిపోయింది. మనసు పెడితే ఆగుతుంది! కానీ అదే ఏడాది థాయ్‌లాండ్ వైపు నుంచి రెట్టింపైంది. ఒక గండి పూడ్చి పక్క గండి వదిలేస్తే కాలవ నిలబడదని మన డెల్టా రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2025 జులైలో అమెరికా కూడా జనరళ్లకు కావలసిన కొందరి మీద ఆంక్షలు ఎత్తేసింది. ఆ దేశంలో శాంతి ఎలా వస్తుందండీ ఇలా అయితే?

మన చేతిలో బేరం లేకపోలేదు. చైనా సరిహద్దు గేట్లు మూసి ఒత్తిడి పెట్టేసరికి, ఒక తిరుగుబాటుదళం తాను గెలుచుకున్న లాషియో నగరాన్ని 2025 ఏప్రిల్‌లో సైన్యానికి తిరిగి అప్పగించింది. అది చైనా తన అవసరం కోసం చేసింది, నాకు నచ్చని పని. కానీ పొరుగుదేశం వ్యాపారానికి ఎంత బలం ఉందో దానితో తెలిసింది. వాళ్ల మినుములకి అతిపెద్ద కొనుగోలుదారులం మనం. 2024 జనవరి నుంచి రూపాయల్లోనే చెల్లించే ఏర్పాటు కూడా ఉంది. ఆ చెల్లింపుల్లోనే షరతు పెట్టొచ్చు. బలవంతపు రేటు ఉండకూడదు, ఎగుమతిదారుకి పూర్తి బజారు విలువ దక్కాలి, ఆ ఖాతాల్లోంచి సైన్యానికి ఇంధనం, విడిభాగాలు కొనకూడదు.

2021 ఒప్పందం 2025-26 వరకే. తర్వాతి ఒప్పందంలో టన్నుల పక్కన ఈ మూడు షరతులూ రాయించండని మా ఎంపీ గారికి ఉత్తరం రాశాను. కాపీ కావాలంటే అడగండి, పంపిస్తాను. మీ ఎంపీకి మీరూ రాయండి.