మూడు సెన్ల తగవులో మరుగునపడ్డ లీకేజీ

సింగపూర్ నుంచి మలేషియాలోని జోహోర్ బహ్రుకి బస్సులో వెళ్తుంటే కాజ్‌వే (సముద్రం మీద రెండు దేశాలను కలిపే దారి) మీద రోడ్డు వెంబడే లావుపాటి నీటి పైపులు కనిపిస్తాయి. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగువాళ్లలో చాలామంది వాటిని చూసే ఉంటారు. రెండు దేశాల మధ్య అరవై ఏళ్లుగా నలుగుతున్న తగవు ఆ పైపుల గురించే.

1962 ఒప్పందం ప్రకారం సింగపూర్ మలేషియాలోని జోహోర్ నది నుంచి రోజుకు 25 కోట్ల గ్యాలన్ల నీళ్లు తీసుకోవచ్చు. వెయ్యి గ్యాలన్లకు ధర 3 సెన్లు (సెన్ అంటే మలేషియా రింగిట్‌లో వందో వంతు). వెయ్యి గ్యాలన్లంటే దాదాపు 4,500 లీటర్లు, అంటే హైదరాబాద్‌లో ఇంటి ముందు ఆగే 5 వేల లీటర్ల ట్యాంకర్ కంటే కాస్త తక్కువ. అన్ని నీళ్లకు మన డబ్బుల్లో రూపాయి కూడా పడదు. ఇది అన్యాయమని 2018లో మళ్లీ మలేషియా ప్రధాని అయిన మహాథిర్ గట్టిగానే అన్నారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ ఇంతకంటే పెద్ద నష్టం మలేషియా రోడ్ల కింద జరుగుతోంది. దాని మీద అంత గొడవ ఎప్పుడూ జరగలేదు.

మలేషియాలో శుద్ధి చేసి పంపే నీటిలో 35 శాతం దాకా బిల్లుకు ఎక్కదు. అంటే రోజుకు 600 కోట్ల లీటర్ల పైమాటే. సింగపూర్ మొత్తం రోజంతా వాడే నీళ్లు సుమారు 200 కోట్ల లీటర్లు. 3 సెన్లకు అమ్ముతున్నామని బాధపడే నీళ్లు దాదాపు 114 కోట్ల లీటర్లు. అమ్మినదానికి ఐదింతలు ఊరికే పోతోంది! ఇదంతా నేలలోకి ఇంకిపోయేదే అనుకోకూడదు. దొంగ కనెక్షన్లు, తక్కువ చూపించే పాత మీటర్లు కూడా ఇందులో కలిసే ఉంటాయి. అయినా అసలు జబ్బు పాత పైపులదే. ఒకప్పుడు చవకని వేసిన ఆస్బెస్టాస్ సిమెంట్ పైపులు ఇంకా వేల కిలోమీటర్ల మేర నేలలోనే ఉన్నాయి.

సింగపూర్‌లో ఈ నష్టం పది శాతంలోపే. అక్కడివాళ్లకు నీటి భయం ఊరికే పుట్టలేదు. 1942 జనవరి 31న వెనక్కి తగ్గుతున్న బ్రిటిష్ సేన కాజ్‌వేని పేల్చేసినప్పుడు దానితోపాటు నీటి పైపులూ తెగిపోయాయి. రెండు వారాలకే నగరం జపాన్‌కు లొంగిపోయింది. 1963లో కరువొచ్చి ఇళ్లకు వంతులవారీగా నీళ్లు వదలాల్సి వచ్చింది. 1980ల చివర కూడా అక్కడ నష్టం 10 శాతం దగ్గర ఉండేది. తుప్పు పట్టే పాత ఇనుప పైపులను తీసేసి, లోపల సిమెంట్ పూత ఉన్నవీ, రాగివీ, స్టెయిన్‌లెస్ స్టీలువీ వేశారు. నీళ్లు దొంగిలిస్తే 50 వేల సింగపూర్ డాలర్ల జరిమానా, మూడేళ్ల జైలు దాకా పడొచ్చు.

లీకును పట్టుకునే పని రాత్రి జరుగుతుంది. రెండు నుంచి నాలుగు గంటల మధ్య ఊరంతా నిద్రలో ఉంటుంది, కుళాయిలు కట్టేసి ఉంటాయి. ఒక పేటకు వెళ్లే పైపు మీద మీటరు అప్పుడు కూడా జోరుగా తిరుగుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఇక ఒక్కో వాల్వు కట్టుకుంటూ, రోడ్డుకు కడ్డీ ఆనించి చెవి పెట్టి వింటూ వెళ్తారు. లోపల కారే నీరు సన్నగా బుసకొడుతుంది. దీనికి కావాల్సింది రోజూ చేసే ఓపిక, చేసేవాళ్లకు జీతం. పెద్ద టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు.

ఒక నగరాన్ని తెచ్చి ఒక దేశంతో పోల్చడం న్యాయమా? పూర్తిగా కాదు. మలేషియాలో కొండలున్నాయి, దూరదూరంగా పల్లెలున్నాయి, ఒక్కో ఇంటికి వేయాల్సిన పైపు పొడవే ఎక్కువ. అందుకే శాతాల కంటే కనెక్షన్‌కు రోజుకు ఎన్ని లీటర్లు పోతున్నాయో చూడటం సరైన కొలత. కానీ మలేషియాలోనే పెర్లిస్ రాష్ట్రంలో 60 శాతం దాకా, కెలంతన్ రాష్ట్రంలో సగం దాకా నీళ్లు పోతుంటే, పెనాంగ్ రాష్ట్రం చాలా ఏళ్లు 20 శాతం అటూఇటూగా నిలబెట్టుకుంది. కాబట్టి నెపమంతా నేల మీద వేస్తే నేను ఒప్పుకోను.

సింగపూర్ 2017, 2018లలో రెండు విడతలుగా నీటి ధర 30 శాతం పెంచింది. మలేషియాలో నీళ్లు రాష్ట్రాల చేతిలో ఉంటాయి, ధర పెంచితే ఓట్లు పోతాయన్న టెన్షన్ వాళ్లది. ధర పెరగదు, పైపు మారదు, కుళాయిలో మట్టినీళ్లొస్తాయి. ఆ నీళ్లకు ఎక్కువ ఎందుకివ్వాలని జనం అడుగుతారు. వాళ్లడిగేదీ న్యాయమే.

దీని దెబ్బ రెండు దేశాలకూ తగులుతోంది. జోహోర్ నది పైన సింగపూర్ డబ్బుతో కట్టిన లింగియు రిజర్వాయర్ 2016 అక్టోబరులో 20 శాతానికి పడిపోయింది. అక్కడి నుంచి నీళ్లు వదలకపోతే సముద్రపు ఉప్పు నదిలోకి ఎగదన్నుతుంది. అలాంటి నది నుంచి తోడిన నీళ్లు దారిలో కారిపోతే, ఆ లోటు పూడ్చడానికి మళ్లీ ఆ నదినే తోడాలి.

ఒప్పందం గడువు 2061 దాకా ఉంది. అప్పటిదాకా ధర మీద వాదించుకోవచ్చు. 2024 ఫిబ్రవరిలో మలేషియా ఘనపు మీటరుకు సగటున 22 సెన్లు పెంచింది. ఆ డబ్బుతో ఏ రాష్ట్రంలో ఎన్ని కిలోమీటర్ల పాత పైపు మార్చారో ఏటా ఇంటింటికీ బిల్లు వెనకే అచ్చేసి పంపాలి. కుళాయిని నమ్ముకోలేక పెరట్లో బోరు వేసుకున్న కెలంతన్ ఇంటికి ఆ కాగితం ముందు చేరాలి.