‘ఒక్క నిమిషమే కదా’ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నేను తాడుతో చెట్లెక్కేవాణ్ణి. మీరు నేల మీద ఎప్పుడూ కనపడరు. కింద ఉన్నంతసేపూ నేను మహా బుద్ధిమంతుణ్ణి. చెట్టు మొదట్లో పుట్టగొడుగులు లేచాయా, పైన ఎండుకొమ్మ ఏదైనా వేలాడుతోందా అని చుట్టూ తిరిగి చూస్తాను. చిన్న బరువు సంచి కట్టిన సన్నతాడును పైకి విసిరి, మానును ఆనుకుని ఉన్న బలమైన పంగలోంచి దాటించి, దాంతో అసలు తాడు లాగుతాను. నేనూ, కింద ఉండే స్నేహితుడూ ఇద్దరం దానికి వేలాడి ఊగుతాం. నడుముకూ తొడలకూ కట్టుకునే హార్నెస్ బకిళ్లు, హెల్మెట్ పట్టీ అన్నీ రెండేసి సార్లు చూసుకుంటాను. అప్పటిదాకా మీ జాడే ఉండదు.

పది మీటర్లు ఎక్కాక, అడ్డంగా ఓ కొమ్మ వస్తుంది చూశారూ, అప్పుడు దిగుతారు మీరు. దాన్ని దాటాలంటే తాడు విప్పి పైన వేసుకోవాలి. అలా విప్పే ముందు, హార్నెస్‌కుండే పొట్టి తాడైన లాన్‌యార్డ్‌ను మాను చుట్టూ తిప్పి తగిలించుకుని, దాని మీద బరువేసి చూడాలి. "ఎందుకండీ ఆ తంటా? చేత్తో కొమ్మ పట్టుకున్నారుగా, ఒక్క నిమిషమే కదా!" అంటారు. ఎంత ఆప్యాయంగా అంటారో!

మీ లెక్కలో చిన్న తేడా ఉందండీ. పది మీటర్ల నుంచి పడితే నేల చేరడానికి దాదాపు 1.4 సెకన్లు. అప్పటికి వేగం గంటకు 50 కిలోమీటర్లు. మీరిచ్చిన నిమిషంలో 58 సెకన్లకు పైగా మిగిలిపోతాయి. వాటినేం చేసుకోమంటారు?

మీ తమ్ముడు ‘తాడుందిగా’ గారు మరీ ఘనులు. తాడు కట్టిన చోటును దాటి పైకి ఎక్కమంటారు. చెట్లెక్కే తాడు పెద్దగా సాగదు. వదులుగా ఉన్న తాడు మీద ఒక్క మీటరు పడినా ఆ కుదుపు నడుముకు తెలుస్తుంది. పైగా కంగారులో చెయ్యి నేరుగా, తాడు మీద నన్ను నిలిపే జారుముడినే పట్టుకుంటుంది. ఆ ముడి బరువుకు బిగుస్తుంది, పైనుంచి చేత్తో పట్టి లాగితే జారుతుంది. ప్రాణభయంతో గట్టిగా పట్టుకున్నకొద్దీ కిందికే ప్రయాణం.

నిరుడు మీ మాట దాదాపు విన్నాను. వినకపోవడానికి కారణం నా తెలివి కాదు. కింద స్నేహితుడు తలెత్తి చూస్తున్నాడు, సిగ్గేసింది. అంతే. లాన్‌యార్డ్ తగిలించాను, దాని కొక్కెం (కారబైనర్) ‘టిక్’మంది. తాడు విప్పి చెయ్యి చాచేలోగా, పట్టుకున్న కొమ్మ మొదలంటా విరిగి చేతిలోకొచ్చింది. లోపలంతా పొడి.

అది కింద పడిన చప్పుడు మీరూ వినే ఉంటారు.

ఇట్లు,
అప్పటికింకా పైనే ఉన్నవాడు