కణంలో పాలన బాగాలేదు

మన ఒంట్లోని దాదాపు అన్ని రకాల కణాల్లోనూ అంతర్జీవ ద్రవ్యజాలం (ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్) అనే కార్యాలయం ఒకటుంది. కొత్తగా తయారైన ప్రోటీను సరిగా మడత పడిందో లేదో చూడడం దాని పనుల్లో ఒకటి. చూస్తోంది కూడా. బెజవాడ పౌరుడిగా నా అభ్యంతరం అక్కడే.

పద్ధతి చూడండి. బయటికి వెళ్లవలసిన ప్రోటీన్లలో చాలావాటికి పుట్టగానే 14 చక్కెరల గొలుసు తగిలిస్తారు. చివరి 3 గ్లూకోజుల్లో రెండింటిని కత్తిరిస్తారు. మిగిలిన ఒక్కదాన్ని ఆనవాలుగా పట్టుకుని కాల్నెక్సిన్, కాల్‌రెటిక్యులిన్ అనే సహాయక ప్రోటీన్లు అది మడత పడేందుకు సాయపడతాయి. ఆ గ్లూకోజూ ఊడాక యూజీజీటీ అనే ఎంజైము తడిమి చూస్తుంది. లోపల దాగవలసిన, నీరంటే గిట్టని భాగాలు ఇంకా బయటికి తేలి ఉంటే మళ్లీ ఒక గ్లూకోజు అంటించి వెనక్కి పంపుతుంది. ఎవరి తాలూకు అని అడగదు. భోజనం అయ్యాక రమ్మనదు.

పైగా ఈ తిప్పుడుకు గడువు! ఆలస్యమయ్యేకొద్దీ గొలుసులోని మానోజు అనే చక్కెరలను వేరే ఎంజైములు ఒక్కొక్కటిగా కొరికేస్తాయి. అవి తరిగితే ఇక బాగుపడదని లెక్క. బయటికి ఈడ్చి, యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీనుతో ముద్ర వేసి, ప్రోటియాజోమ్‌ అనే తుక్కుయంత్రంలో ముక్కలు చేస్తారు. ఈ ముద్ర గుట్టు విప్పినవారికి 2004లో రసాయనశాస్త్ర నోబెల్ కూడా ఇచ్చారు. మొగల్రాజపురంలో మా అపార్ట్‌మెంటు ప్లాను ఫైలుకు ఈ గతి పట్టలేదు. దాన్ని కొరికే సాహసం ఎలుకలు తప్ప ఎవరూ చేయలేదు.

మడత పడనివి పేరుకుపోతే కణం కొత్త తయారీ తగ్గించి, సాయం చేసే సిబ్బందిని పెంచుతుంది. అయినా దారికి రాకపోతే బాధ్యత వహించి తానే చచ్చిపోతుంది. విచారణ సంఘం కూడా వేయదు!

అయితే ఆశ వదలక్కర్లేదు. సీఎఫ్‌టీఆర్ అనే, కణం అంచున ఉప్పు రాకపోకలకు ద్వారంగా నిలిచే ప్రోటీనులో 1480 అమైనో ఆమ్లాలుంటాయి. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బు ఉన్న రోగుల్లో ఎక్కువమందికి 508వది ఉండదు. ఆ ప్రోటీను కణం అంచుకు చేరితే ఎంతో కొంత పని చేయగలదు. అయినా ఒక్కటి తగ్గిందని దాదాపు మొత్తం సరుకును చించి పారేస్తారు. ఊపిరితిత్తుల్లో చిక్కటి శ్లేష్మం పేరుకుంటుంది. ఆధార్‌లో ఒక అక్షరం తేడా ఉందని ముసలమ్మ పింఛను ఆపిన గుమాస్తా నాకిక్కడ కనిపించాడు. ప్రాణం లేచి వచ్చింది.

దీనికి విరుగుడుగా 2019లో అమెరికాలో మూడు మందుల చికిత్సకు అనుమతి ఇచ్చారు. రెండు మందులు మడత సరిచేయించి ప్రోటీనును గేటు దాటిస్తాయి, మూడోది అంచుకు చేరాక దాని ద్వారం తెరిపిస్తుంది. అచ్చం మా కార్యాలయం ఎదుట టీ బడ్డీ దగ్గర సంచితో నిలబడే మధ్యవర్తి పనే. రుసుము మాత్రం ఆయనదే బాగా తక్కువ.