మూజువాణి హోరులో హక్కులు

పౌరుడి హక్కును కుదించే బిల్లుకు ఎవరు ఔనన్నారో, ఎవరు కాదన్నారో చెప్పలేని సభను ఏమని నిలదీయాలి? సభ్యులు నోటితో ఔను, కాదు అని అరిస్తే గొంతు బలాన్ని బట్టి తేల్చే మూజువాణి ఓటులో పేర్లు నమోదు కావు.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ బిల్లు 2023 ఆగస్టు 3న లోక్‌సభకు వచ్చింది. 7న అక్కడ, 9న రాజ్యసభలో మూజువాణితోనే గట్టెక్కింది. ఆ చట్టంలోని 44(3) సెక్షన్ సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపు ఇచ్చే 8(1)(జె)ని తిరగరాసింది. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారమైనా ఇవ్వాలన్న మాట అక్కడ లేకుండా పోయింది. ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వడానికి వీలిచ్చే 8(2) ఉంది కదా అంటారు. అది ‘ఇవ్వవచ్చు’ అంటుందే తప్ప ఇచ్చి తీరాలనదు. చట్టసభకు నిరాకరించలేని సమాచారాన్ని ఏ వ్యక్తికీ నిరాకరించరాదన్న వాక్యమూ ఎగిరిపోయింది. పౌరుణ్ని ప్రజాప్రతినిధి సరసన నిలబెట్టిన ఆ వాక్యాన్ని ప్రజాప్రతినిధులే తుడిచేశారు. తుడిచినవారి పేర్లు మాత్రం రికార్డులో లేవు.

ప్రతిపక్షం సభను సాగనివ్వడం లేదని ప్రభుత్వం అంటుంది. గొడవ జరిగిన మాట నిజమే. అయితే గొడవ సాకుగా ఓట్లు లెక్కించకపోవడం ఒక ఆనవాయితీగా స్థిరపడితే, రేపు ఏ ప్రభుత్వం వచ్చినా ఏ హక్కునైనా అలాగే కత్తిరిస్తుంది. ఇది ఒక్క పార్టీ పాపం కాదు. ఐటీ చట్టంలో, ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరంగా చేసిన 66ఎ సెక్షన్‌ను యూపీఏ హయాంలో, 2008 డిసెంబరులో చర్చ లేకుండానే చేర్చారు. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసేసరికి 2015 మార్చి వచ్చింది. ఆలోపు కేసుల పాలైనవారికి ఏ సభ జవాబు చెప్పింది?

లెక్కించడం సాధ్యం కాదా? అదే 2023 సెప్టెంబరులో మహిళా రిజర్వేషన్ల బిల్లుకు 454 మంది అనుకూలమని, ఇద్దరు వ్యతిరేకమని లోక్‌సభ తేల్చింది. రాజ్యాంగ సవరణ కాబట్టి తప్పలేదు. తప్పనిసరి అయితే తేలుతుందన్నమాట.

అందుకే ప్రాథమిక హక్కులను తాకే ప్రతి బిల్లుకూ స్థాయీసంఘం పరిశీలన, పేర్లతో ఓటింగ్ తప్పనిసరి కావాలి. ప్రస్తుతం లోక్‌సభ 367వ నిబంధన ప్రకారం సభ్యుడు విభజన, అంటే ఎవరు ఎటో నమోదు చేసే ఓటింగ్, కోరినా, అది అనవసరమని స్పీకర్ భావిస్తే సభ్యులను నిలబెట్టి తలలు లెక్కిస్తే చాలు, పేర్లు రాయనక్కర్లేదు. హక్కుల బిల్లులకు ఈ వెసులుబాటు ఉండకూడదు. నిబంధనలను సభలే మార్చుకోవచ్చు, రాజ్యాంగంలోని 118వ అధికరణం ఆ అధికారం ఇచ్చింది.

ప్రతిపక్షానికీ ఒక మాట. 2020 సెప్టెంబరు 20న సాగు బిల్లులపై రాజ్యసభలో విభజన కోరితే, సభ్యులు తమ స్థానాల్లో లేరంటూ డిప్యూటీ ఛైర్మన్ తోసిపుచ్చారు. ఆ సాకుకు మళ్లీ తావివ్వకండి. సభాపతి ముందున్న వెల్‌లోకి దూకి, వాకౌట్ చేసి, బయట కెమెరాల ముందు హక్కులు పోయాయని గగ్గోలు పెట్టడం మానండి. మీ స్థానాల్లో కూర్చుని విభజన అడగండి.